నాలుగో కారణం

23 మార్చి 2020, సోమవారం

ఇవాళ ఉదయం ఆరు నుంచి నియమం అమల్లోకి వచ్చింది. ఇల్లు దాటాలంటే ముందు ప్రభుత్వ నంబరుకి ఫోన్లో సందేశం పంపాలి. కారణం నంబరు, పేరు, చిరునామా. ఒకటి: మందులు, డాక్టరు. రెండు: సరుకులు. మూడు: బ్యాంకు. నాలుగు: అవసరంలో ఉన్నవారికి సాయం. ఐదు: పెళ్లి, అంత్యక్రియలు. ఆరు: నడక, కుక్క. ఉద్యోగానికి వెళ్లేవాళ్ల దగ్గర యజమాని సంతకం చేసిన కాగితం ఉండాలి.

కింద పోస్టు డబ్బాల దగ్గర బల్ల మీద నోటు పుస్తకం ఒకటి పెట్టాను. గీతలు నేనే గీశాను. తేదీ, పేరు, వెళ్లిన టైము, కారణం, వచ్చిన టైము. పెన్ను దారంతో కట్టాను, లేకపోతే రెండు రోజులుండదు. పైన నోటీసు: “అందరి క్షేమం కోసం. మినహాయింపులు లేవు. ఉరానియా దెలివోరియా, భవన నిర్వాహకురాలు, మూడో అంతస్తు.”

ఆరో అంతస్తు ఫోకియోన్ గారు శుక్రవారమే సముద్రం ఒడ్డున ఉన్న ఇంటికి వెళ్లిపోయారు. కారు నిండా సామాను, పైన రెండు మడత కుర్చీలు. “మీరూ వెళ్లిపోండి ఉరానియా గారూ, ఏథెన్సులో ఎవరుంటారు ఇప్పుడు?” అన్నారు. ఎవరుంటారో నా పుస్తకంలో ఉంది.

24 మార్చి, మంగళవారం

ఉదయం పుస్తకం తనిఖీ చేశాను. మొదటి పేరు రూలాది. 5.10. కారణం: 4.

రూలా సగం నేలలోకి దిగిన కింది గదిలో ఉంటుంది. ఆల్బేనియా మనిషి. మంగళ, శుక్రవారాల్లో మెట్లు కడుగుతుంది. రోజూ తెల్లారకముందే బస్సెక్కి సైకికోలో ఒక పెద్దింటికి వెళ్లి, మంచం పట్టిన ముసలమ్మకి ఒళ్లు కడిగి, అన్నీ చేసి రెండు గంటలకు వస్తుంది. వస్తూ మూల బేకరీలో నాకు రొట్టె తెచ్చి తలుపు పిడికి తగిలిస్తుంది. నాకు డెబ్బై ఎనిమిది, ఊపిరితిత్తులు మంచివి కావు, వీధి గుమ్మం దాటొద్దని మా అబ్బాయి స్తాథిస్ ఒట్టు పెట్టించుకున్నాడు.

ఆమె వచ్చేసరికి మెట్ల మలుపులో నిలబడ్డాను. మధ్యలో తొమ్మిది మెట్లు.

“రూలా, నాలుగు అని రాశావేం? నువ్వు వెళ్లేది పనికి. దానికి కాగితం ఉండాలి.”

“అడిగాను టీచరమ్మా. ఆ ఇంటి అబ్బాయిగారు నవ్వాడు. ‘కాగితం రాస్తే నీకు బీమా కట్టడంలేదని నేనే సంతకం పెట్టినట్టు కాదూ?’ అన్నాడు.”

“అయితే మానెయ్.”

“మానేస్తే ఆ ముసలమ్మని ఎవరు తిప్పి పడుకోబెడతారు? నా పొయ్యి ఎవరు వెలిగిస్తారు?”

“అది వేరు. నాలుగు అని రాయడం తప్పు.”

“ఎలా తప్పు? ఆవిడ అవసరంలో ఉందా లేదా? మీకు రొట్టె తెస్తున్నానా లేదా?”

“నాకు రొట్టె తెస్తున్నావు. నేను అవసరంలో లేను.”

నవ్వింది. పళ్లు మంచివి. “సరే టీచరమ్మా, మీరు లేరు. రొట్టె ఉంది” అని దిగిపోయింది.

సాయంత్రం కిందికి వెళ్లి ఆ నాలుగు పక్కన ఎర్ర సిరాతో చిన్న ఇంటూ గుర్తు పెట్టాను. ముప్ఫై నాలుగేళ్లు లెక్కల పేపర్లు దిద్దిన చెయ్యి.

27 మార్చి, శుక్రవారం

రూలాని మెట్లు కడగొద్దని చెప్పాను. రోజంతా బస్సుల్లో తిరిగే మనిషి, అందరూ పట్టుకునే మెట్ల కమ్మీలు పట్టుకోకూడదు. లిఫ్టు కూడా వద్దన్నాను. నిర్ణయం న్యాయమైనదే.

“లిఫ్టెందుకు నాకు? ఈ మెట్లు పంతొమ్మిదేళ్ల పరిచయం. ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలుస్తాను” అంది.

కడగని రోజుల జీతం సంగతి ఆమె అడగలేదు. నేనూ ఎత్తలేదు.

29 మార్చి, ఆదివారం

మనవరాలు మిర్తో ఫోన్లో కనిపించింది. వాళ్ల తోటలో నిమ్మపూలు చూపించింది. తొమ్మిదేళ్ల పిల్ల, పళ్లు రెండు ఊడాయి. పన్నెండో ఎక్కం అడిగాను, తొమ్మిది దగ్గర తడబడింది.

“నానమ్మా, నువ్వు బయటికి వెళ్లవు కదా, రొట్టె ఎలా వస్తుంది?”

“వస్తుంది.”

“రొట్టెకి కాళ్లున్నాయా?”

దాని తండ్రి వెనక నుంచి నవ్వాడు. నేనూ నవ్వాను.

3 ఏప్రిల్, శుక్రవారం

రెండు గంటలకు మన ద్వారం ముందే పోలీసు రూలాని ఆపాడు. నేను బాల్కనీలో ఉన్నాను. ఆమె చేతిలో రొట్టె ఉంది. కుర్రాడు తల పైకెత్తి నన్ను అడిగాడు. నాకు తెలిసినది చెప్పాను. నూట యాభై యూరోల జరిమానా రాసి ఇచ్చాడు.

నియమం నేను పెట్టినది కాదు.

రొట్టె వచ్చింది.

4 ఏప్రిల్, శనివారం

రొట్టె వచ్చింది. తలుపు తట్టలేదు.

పుస్తకంలో 5.10 లేదు. 3.50 ఉంది. ఆ వేళకి బస్సుండదు. పోలీసులు నిలబడే దారులు తప్పించుకుంటూ నడిచి వెళుతోందన్నమాట. ఇక్కడి నుంచి సైకికోకి గంట పైన నడక, అంతా ఎగువ. కారణం గడి ఖాళీగా వదిలేసింది. ఖాళీగా వదలకూడదని నోటీసులో స్పష్టంగా రాశాను.

5 ఏప్రిల్, ఆదివారం

రొట్టె వచ్చింది.

స్తాథిస్‌కి జరిగింది చెప్పాను. “నువ్వేం చేశావమ్మా, అడిగితే చెప్పావు” అన్నాడు. నేనూ అదే అంటున్నాను.

6 ఏప్రిల్, సోమవారం

వాన. రొట్టె వచ్చింది, సంచి తడిసింది. మెట్ల మీద దగ్గు వినిపించింది. తలుపు తెరవకుండానే అడిగాను.

“రూలా, ఆ దగ్గేమిటి?”

“గొంతు గరగర, అంతే. భయపడకండి టీచరమ్మా, రొట్టె కొస పట్టుకుని తెచ్చాను, కాగితం మాత్రమే ముట్టుకున్నాను.”

“డాక్టరుకి చూపించుకో.”

“ఏ డాక్టరుకి?”

తలుపు అవతల కాసేపు నిలబడే ఉంది. ఊపిరి వినిపిస్తోంది. మెట్ల దీపం నిమిషానికి దానంతటదే ఆరిపోతుంది. తలుపుకున్న అద్దపు కంతలోంచి చూస్తే చీకటి. చీకట్లో దిగిపోయిన చప్పుడు. నలభై ఎనిమిది మెట్లు. నేను లెక్కపెట్టాను.

రొట్టెని పొయ్యిలో ఇరవై నిమిషాలు వేడిచేసి తిన్నాను.

7 ఏప్రిల్, మంగళవారం

రొట్టె వచ్చింది.

8 ఏప్రిల్, బుధవారం

రొట్టె రాలేదు.

నాలుగుంపావుకి అంబులెన్సు. తెల్లటి దుస్తుల్లో ఇద్దరు, కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. రూలా తన కాళ్ల మీదే నడిచి ఎక్కింది, చేతిలో నైలాను సంచి. ఎక్కే ముందు పైకి చూసింది. నేను ఎండ తెర వెనక ఉన్నాను. కనిపించి ఉండను.

పుస్తకంలో: రూలా, 3.50 వెళ్లినది, 2.05 వచ్చినది. అంటే ఇవాళ కూడా పనికి వెళ్లింది. 4.15 నేను రాశాను. కారణం గడిలో ఒకటి వేశాను.

9 ఏప్రిల్, గురువారం

ఐదూ పదికి ద్వారం చప్పుడయింది. ఆ ఇనుప తలుపు మూసుకునేటప్పుడు రెండుసార్లు కొట్టుకుంటుంది, చెయ్యి అడ్డుపెట్టి మెల్లగా వదిలేది రూలా ఒక్కతే. ఇవాళ మెల్లగా మూసుకుంది. దిగి చూశాను. పుస్తకంలో కొత్త పేరేమీ లేదు. తలుపు గడియ వేసే ఉంది.

10 ఏప్రిల్, శుక్రవారం

ఆసుపత్రులకు ఫోన్ చేశాను. నాలుగో చోట ఒక అమ్మాయి ఓపిగ్గా మాట్లాడింది.

“పేరు?”

“రూలా.”

“ఇంటిపేరు?”

“తెలియదు. ఆల్బేనియా ఆవిడ. యాభై అయిదు, అరవై మధ్య ఉంటుంది.”

“మామ్మగారూ, రూలా అని ఇక్కడ ఎవరి కాగితాల్లోనూ ఉండదు. వాళ్లు ఈ దేశానికి రాగానే మన పేరొకటి తగిలించుకుంటారు, మనకి నోరు తిరగదని. అసలు పేరు చెబితే చూస్తాను. ఎన్నాళ్లుగా తెలుసు ఆవిడ?”

“పంతొమ్మిదేళ్లు.”

ఫోన్ పెట్టేశాను.

భవనం పుస్తకాలు అన్నీ దించాను. పంతొమ్మిది. ఎక్కడా ఒక్క అంకె తప్పు లేదు. “రూలా, మెట్లు.” “రూలా, మెట్లు.” వారానికి రెండుసార్లు, నా చేతిరాతే. దాదాపు రెండు వేలసార్లు ఒక మనిషి పేరు రాశాను, అది ఆమె పేరు కాదు.

ఆ మూడో తేదీన పోలీసు అడిగితే నాకు తెలియదు అన్నాను. తెలియదు అనడం అబద్ధం కాదు.

11 ఏప్రిల్, శనివారం

కింది గది ఫోకియోన్ గారిదే. ఆయనకి ఫోన్ చేశాను. వెనక అలల చప్పుడు.

“ఏం పేరంటే ఏం చెప్పను ఉరానియా గారూ? రూలా పేరు రూలాయే.”

“అద్దె ఒప్పందం మీద ఏముంది?”

“ఏ ఒప్పందం? నెల తిరగ్గానే చేతికి ఇచ్చేది, నేను తీసుకునేవాణ్ణి. ఇద్దరికీ హాయి.” ఆగి, “పోయిందా ఏమిటి?” అన్నారు.

“తెలియదు. అందుకే వెతుకుతున్నాను.”

“తెలిస్తే చెప్పండి. గదికి సున్నం వేయించాలి.”

సైకికోలో ఇల్లు ఏ వీధో కూడా నాకు తెలియదు.

ఐదూ పదికి తలుపు. నిన్న కూడా.

13 ఏప్రిల్, సోమవారం

తలుపు. మెట్ల మీద బకెట్టు పిడి చప్పుడు కూడా. ఎవరూ కడగని మెట్లకి క్లోరిన్ వాసన ఎలా వస్తుంది? నా చేతులదే అయి ఉంటుంది. రోజుకి పదిహేనుసార్లు కడుక్కుంటున్నాను.

14 ఏప్రిల్, మంగళవారం

ఇవాళ తలుపు చప్పుడు కాలేదు. ఆరున్నర దాకా నిద్రపోయాను.

16 ఏప్రిల్, పవిత్ర గురువారం

ఈస్టర్ కోసం గుడ్లకి ఎరుపు రంగు వేశాను. నాకూ, స్తాథిస్ ఇంటికీ అని పన్నెండు. వాళ్లు రాకూడదని గుర్తుండే వేశాను. ఏటా ఇవాళ రెండు గుడ్లు రూలాకి ఇచ్చేదాన్ని. “మాకు ఈ పండగుందో లేదో ఎప్పుడూ అడగరేం టీచరమ్మా?” అంది ఒకసారి. “గుడ్లు వద్దా?” అన్నాను. “గుడ్లు కావాలి” అంది. పండగ సంగతి మాత్రం అప్పుడూ అడగలేదు.

కింది గది తాళం నా దగ్గరుంది, నీటి మీటర్ల కోసం. గుత్తిలో మూడోది. పేరు తెలిసే కాగితం ఆ గదిలో ఉండవచ్చు. ఇవాళ వెళ్లలేదు. రోగం ఉన్న గది.

19 ఏప్రిల్, ఈస్టర్

అర్ధరాత్రి చర్చీలు మూసే ఉన్నాయి. వీధంతా బాల్కనీల్లో కొవ్వొత్తులు పట్టుకుని పాడింది. నేనూ పాడాను. వంగి చూస్తే నేల మట్టానికి ఉన్న కింది గది కిటికీలో ఒక వెలుగు కదిలింది. నా కొవ్వొత్తి ప్రతిబింబమే అయి ఉండాలి. మూడో అంతస్తు కొవ్వొత్తి అక్కడ ప్రతిఫలించదు. కోణం కుదరదు. రెండుసార్లు గీసి చూశాను.

మధ్యాహ్నం మిర్తో: “నానమ్మా, ఇప్పుడు కూడా రొట్టె నడిచి వస్తోందా?”

“లేదు.”

“కాళ్లు నొప్పెట్టాయా దానికి?”

ఫోన్ వేడెక్కిందని చెప్పి పెట్టేశాను.

22 ఏప్రిల్, బుధవారం

తలుపు మళ్లీ మొదలైంది. ఐదూ పది. ఇక పడుకోలేదు. ముసుగు, చేతి తొడుగులు వేసుకుని గుత్తిలోని మూడో తాళం చెవితో కింది గది తెరిచాను.

పంతొమ్మిదేళ్లలో మొదటిసారి. నా వంటిల్లంత ఉంది గది మొత్తం. కిటికీలో మనుషుల చెప్పులు మాత్రమే కనిపిస్తాయి. మంచం సర్ది ఉంది. నా మెట్లకి వాడే గుడ్డలు ఉతికి, ఇస్త్రీ చేసి, ఒకదాని మీద ఒకటి. నేల గుడ్డలకి ఎవరైనా ఇస్త్రీ చేస్తారా?

మేకుకి కాగితం సంచి వేలాడుతోంది. పెన్సిలుతో “3” అని రాసి ఉంది. లోపల రొట్టె, ఎనిమిదో తేదీది, రాయిలా. పైకి తేవడానికి ఓపిక లేకపోయింది కాబోలు. లేదా నాకు అంటుతుందని తేలేదు.

ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద జరిమానా కాగితం. అందులో పేరుంది, పాస్‌పోర్టులో ఉన్నట్టు. లులేజిమే ప్రెండి. పుట్టినది 1963. కారణం: తప్పుడు ప్రకటన, నం. 4. కింద చేతిరాతతో ఒక వాక్యం: “భవన నిర్వాహకురాలు ధృవీకరించలేదు.”

అక్కడే కూర్చున్నాను. మంచం మీద కాదు, నేల మీద.

పైకి వచ్చి ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఆ అమ్మాయే. పేరు అక్షరం అక్షరం చెప్పాను. కాగితాలు తిప్పిన చప్పుడు.

“ఉంది మామ్మగారూ. ఏప్రిల్ పద్నాలుగు. ఉదయం అయిదింటికి.” తర్వాత మెల్లగా, “పోయింది. ఎవరూ రాలేదు. మునిసిపాలిటీ వాళ్లు పదహారున పాతిపెట్టారు. మీరేమవుతారు?”

“ఏమీ కాను.”

23 ఏప్రిల్, గురువారం

పద్నాలుగో తేదీన నేను ఆరున్నర దాకా నిద్రపోయాను.

26 ఏప్రిల్, ఆదివారం

మూడో తేదీన జరిగింది ఇక్కడ రెండుసార్లు రాశాను. రెండూ తప్పు. ఒక లెక్క తప్పయితే మొత్తం కొట్టేసి మొదటి నుంచి చెయ్యమనేదాన్ని పిల్లల్ని.

పోలీసు కుర్రాడు: “ఓ మామ్మగారూ! మూడో అంతస్తు మామ్మగారూ!”

నేను: “ఉరానియా దెలివోరియా. ఈ భవనం నిర్వాహకురాలిని.”

“క్షమించండి మేడం. ఈవిడ మీకే సాయం చేస్తున్నానంటోంది. రొట్టె మీదేనట. నిజమేనా?”

రూలా రొట్టె కాస్త పైకెత్తి చూపించింది, అంతే. నవ్వుతోంది కూడా. నేను ఏం చెబుతానో ఆమెకి సందేహమే లేదు.

ఎదుటి బాల్కనీల్లో నలుగురైదుగురు చూస్తున్నారు. అందులో ఇద్దరు నా పాత విద్యార్థులు.

“అవసరంలో ఉన్నది మీరేనా మేడం? అవునంటే వదిలేస్తాను.”

“నేను ఎవరి సాయం మీదా ఆధారపడి లేను” అన్నాను.

“అంటే ఈవిడ చెప్పేది అబద్ధమా?”

“నేను అవసరంలో ఉన్న మనిషిని కాను. అది రాసుకోండి.”

రాసుకున్నాడు.

తెలియదు అని నేను అనలేదు. రూలా రొట్టె దించేసింది. తర్వాత మూడు అంతస్తులు ఎక్కి వచ్చి దాన్ని నా తలుపుకి తగిలించి వెళ్లింది. నేను తిన్నాను. ఆ రోజూ, తర్వాత నాలుగు రోజులూ.

4 మే, సోమవారం

ఆంక్షలు సడలించారు. ఇక సందేశాలు అక్కర్లేదు. వీధిలో జనం. ఫోకియోన్ గారు బాగా ఎండకి కాలి వచ్చారు. “బతికి బయటపడ్డాం ఉరానియా గారూ!” అన్నారు. సున్నం వేసేవాణ్ణి పిలిచారట.

బల్ల మీది పుస్తకం పైకి తెచ్చుకున్నాను. నేను ఎర్ర సిరాతో ఇంటూ పెట్టిన నాలుగులు పదకొండు. సిరా చెరగదు. ఒక్కొక్కదాని పక్కన “సరైనదే, దిద్దినది నా తప్పు” అని రాసి సంతకం చేశాను. పదకొండు సంతకాలు. ఎవరూ చూడరు.

22 మే, శుక్రవారం

ఆమె పోయి రేపటికి నలభయ్యో రోజు. గోధుమలు ఉడకబెట్టి గుడ్డ మీద ఆరబోశాను. దానిమ్మ గింజలు, ఎండు ద్రాక్ష, బాదం, పైన పంచదార. మా వాళ్లు పోయినవాళ్లకి చేసేదే. ఆమె మతం ఏమిటో నాకు తెలియదు. గుడ్లు కావాలి అంది, అదొక్కటే నా దగ్గరున్న ఆధారం. పాదిరీకి ఇచ్చే చీటీ మీద పేరు రాశాను: లులేజిమే. మూడుసార్లు రాశాను, రాత కుదిరే దాకా.

స్తాథిస్ కారులో తీసుకువెళతానన్నాడు. బస్సులో వెళతానన్నాను.

23 మే, శనివారం

ఐదూ పదికి బయలుదేరాను. తలుపుకి చెయ్యి అడ్డుపెట్టి మెల్లగా వదిలాను. అలా చేస్తే నిజంగానే ఒక్కసారే చప్పుడవుతుంది.

శ్మశానంలో ఆ వరసలు వేరు. ఎర్ర మట్టి, చెక్క ముక్కల మీద నంబర్లు. ఆమెది 61. గోధుమలు కొంచెం మట్టి మీద చల్లి, మిగతావి ముసుగుల్లో వచ్చిన ఇద్దరు అపరిచితులకి పంచాను. వాళ్లూ నంబర్లు వెతుక్కుంటున్నారు.

ఆఫీసులో గుమస్తా లావుపాటి మనిషి, చెవి మీద పెన్సిలు.

“మూడేళ్ల తర్వాత ఎముకలు పైకి తీస్తాం అమ్మగారూ. ఎవరైనా వస్తే పెట్టెలో పెట్టి ఇస్తాం. రాకపోతే అందరితో పాటు ఒకే గోతిలో. ఈవిడకి ఎవరి పేరూ లేదు.”

“నాది రాయండి.”

“మీ వయసు?”

“డెబ్బై ఎనిమిది. మూడేళ్లకి ఎనభై ఒకటి. వస్తాను.”

నన్ను ఒకసారి చూసి, పెన్సిలు తీసి, నా పేరు రాసి, సంబంధం అనే గడి దగ్గర ఆగాడు. “ఏమవుతారు?”

“ఆమె నాకు సాయం చేసేది. నేను అవసరంలో ఉన్నాను.”

“గడిలో అంత పట్టదండీ. పొరుగు అని రాయనా?”

“పొరుగు కాదు. చెప్పింది రాయండి.”

“గడి చూడండి, ఇంతే ఉంది.”

“చిన్న అక్షరాలతో రాయండి. నేను ఆగుతాను.”

రాశాడు. చదివి చూశాను. తప్పులు లేవు.

24 మే, ఆదివారం

ఐదూ పది. నేను మంచంలోనే ఉన్నాను. తలుపు.